పల్నాడు పురపాలక సంఘాలు: చరిత్ర, అధికారాలు

పట్టణ ఓటర్లు వార్డుకొకరి చొప్పున ఎన్నుకున్న కౌన్సిలర్లతో ఏర్పడే స్థానిక ప్రభుత్వమే పురపాలక సంఘం. వాడుకలో మున్సిపాలిటీ. తాగునీరు, పారిశుద్ధ్యం, వీధులు, దీపాలు, కట్టడాల అనుమతులు, జనన మరణాల నమోదు దీని ప్రధాన బాధ్యతలు. పల్నాడు జిల్లాలో నరసరావుపేట, చిలకలూరిపేట, సత్తెనపల్లి, వినుకొండ, పిడుగురాళ్ళ, మాచర్ల మున్సిపాలిటీలు. గురజాల, దాచేపల్లి నగర పంచాయతీలు. నగరపాలక సంస్థ ఒక్కటీ లేదు. మాచర్ల శాసనసభ నియోజకవర్గంలోని వెల్దుర్తి మండల కేంద్రమే అయినా నేటికీ గ్రామ పంచాయతీ. జిల్లాలో పట్టణ పాలన ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవడానికి ఈ ఊరు మంచి ఉదాహరణ.

స్థానం, పరిధి

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడిపోయి ఏర్పడింది. జిల్లా కేంద్రం నరసరావుపేట. నరసరావుపేట, సత్తెనపల్లి, గురజాల రెవెన్యూ డివిజన్లు. ఆంగ్లేయుల కాలంలో ఈ ప్రాంతపు పడమటి భాగం గురజాల కేంద్రంగా పల్నాడు తాలూకా. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఈ తాలూకా కృష్ణా జిల్లాలో ఉండేది.

వెల్దుర్తి పేరుతో కర్నూలు జిల్లాలో ఒకటి, మెదక్ జిల్లాలో ఒకటి ఊళ్లున్నాయి. ఈ వ్యాసంలో చెప్పేది నల్లమల అంచున, మాచర్లకు దక్షిణాన ఉన్న పల్నాటి వెల్దుర్తి గురించి. పక్కనే నాగార్జునసాగర్ జలాశయం ఉన్నా మండలంలో చాలా భూములకు కాలువ నీరు అందదు. వరికపూడిశెల ఎత్తిపోతల పథకం కోసం ఈ ప్రాంతం ఏళ్ల తరబడి ఎదురుచూడటానికి కారణం అదే. బ్యాంకు పనికైనా, పెద్ద ఆసుపత్రికైనా, డిగ్రీ చదువుకైనా ఇక్కడివారు ఎక్కువగా మాచర్ల వెళ్తారు. మాచర్ల వీధులు, బస్టాండు, మార్కెట్టు ఆ పట్టణ ఓటర్లకు ఎంత అవసరమో, అక్కడి కౌన్సిలర్లను ఎన్నుకునే హక్కు లేని చుట్టుపక్కల పల్లెలకూ అంతే అవసరం.

పూర్వ నేపథ్యం

పల్నాటికి నగర జీవితం కొత్తది కాదు. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి కృష్ణ ఒడ్డున, ఇప్పటి మాచర్ల మండల ప్రాంతంలో వెలసింది. నాగార్జునసాగర్ ఆనకట్ట కట్టేముందు 1954 నుంచి జరిగిన తవ్వకాల్లో అక్కడ వీధులు, స్నానఘట్టాలు, విహారాలు, మెట్ల కట్టడంతో కూడిన రంగస్థలం బయటపడ్డాయి. శాశ్వత నిధులను వృత్తిదారుల శ్రేణుల దగ్గర ఉంచి, వాటిపై వచ్చే ఆదాయంతో ధర్మకార్యాలు నడిపించినట్లు అక్కడి శాసనాలు చెబుతున్నాయి. వర్తకులు, చేతివృత్తులవారు ఊరి వ్యవహారాల్లో పాలుపంచుకున్నారనడానికి ఇది సాక్ష్యం. అయితే ఓటు, పన్ను, లెక్కల తనిఖీ ఈ మూడింటి మీద నిలిచే నేటి పురపాలన వేరే దారిలో వచ్చింది.

ఆంగ్ల పాలనలో పురపాలన

దక్షిణాదిన మొదటి నగర పాలక వ్యవస్థ మద్రాసుది. రెండవ జేమ్స్ రాజు 1687లో ఇచ్చిన అధికార పత్రంతో అది 1688లో పని మొదలుపెట్టింది. ఆంధ్ర ప్రాంతంలో తొలి పురపాలక సంఘాల్లో భీమునిపట్నానిది ఒకటి. అది 1861లో ఏర్పడింది. పట్టణాల అభివృద్ధి కోసం 1865లో మద్రాసు ప్రభుత్వం చేసిన చట్టం కింద 1866లో గుంటూరు మున్సిపాలిటీ అయింది. ఈ తొలి సంఘాల్లో ఎన్నికైనవారు లేరు. కలెక్టరు అధ్యక్షుడు, ప్రభుత్వం నియమించినవారు సభ్యులు. పట్టణ ప్రజలు కట్టిన పన్నులోంచి పోలీసు ఖర్చులో భాగం కూడా భరించాల్సి వచ్చేది. ఊరు బాగుపడాలన్న కోరిక కంటే, ఖజానా భారం ఊరి మీదికి నెట్టాలన్న ఆలోచన ఆ చట్టంలో ఎక్కువగా కనిపిస్తుంది.

1882 మే 18న వైస్రాయి రిప్పన్ ప్రభుత్వం చేసిన తీర్మానంతో దిశ మారింది. స్థానిక సంఘాల్లో అధికారులు కాని సభ్యులు ఎక్కువగా ఉండాలని, వీలైనచోట ఎన్నికలు జరపాలని, ప్రజలకు రాజకీయ శిక్షణ ఇచ్చే చోటుగా వీటిని చూడాలని ఆ తీర్మానం చెప్పింది. దాని వెంట 1884లో మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం వచ్చింది. పన్ను కట్టేవారికి మాత్రమే ఓటు ఉన్నా, ఎన్నికైన అధ్యక్షుడు కుర్చీలో కూర్చోవడం అప్పుడే మొదలైంది. తర్వాతి కాలంలో ఆంధ్రరాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం రాజమహేంద్రవరం పురపాలక అధ్యక్షుడిగా పనిచేసినవారే.

పల్నాటి పట్టణాల్లో మొదట మున్సిపాలిటీ అయింది నరసరావుపేట, 1915లో. మల్రాజు వంశపు జమీందారు నరసారావు పేరు మీద వెలసిన ఈ ఊరు పల్నాటి మెట్ట పంటలకు అంగడిగా ఎదిగింది. చిలకలూరిపేటకు స్వాతంత్ర్యం వచ్చాక, 1964లో ఆ హోదా దక్కింది. సత్తెనపల్లి, మాచర్ల, వినుకొండ, పిడుగురాళ్ళ ఆ తర్వాతి దశాబ్దాల్లో ఒక్కొక్కటిగా చేరాయి.

చీరాల–పేరాల: వద్దన్న మున్సిపాలిటీ

ఊరికి మున్సిపాలిటీ హోదా ఇస్తే జనం సంతోషిస్తారని పాలకులు అనుకుంటారు. అప్పటి గుంటూరు జిల్లాలోని చీరాల, పేరాల ఊళ్ల ప్రజలు అది అన్నిసార్లూ నిజం కాదని చాటారు. ఈ రెండు ఊళ్లను చుట్టుపక్కల పల్లెలతో కలిపి ప్రభుత్వం మున్సిపాలిటీ చేయగానే, అంతకుముందు ఏడాదికి రూ.4,000 ఉన్న పన్నుల మొత్తం రూ.40,000 దాకా వెళ్లింది. జనాభా దాదాపు 15,000. ఎక్కువమంది నేతపనివారు, చిన్న రైతులు. మాకు మున్సిపాలిటీ వద్దని వారు పెట్టుకున్న అర్జీలు పనిచేయలేదు. పన్ను కట్టనివారిని జైలుకు పంపారు.

1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు ఊరు విడిచిపెట్టడానికి సిద్ధపడ్డారు. పట్టణం హద్దు దాటితే పట్టణ పన్ను వర్తించదు కాబట్టి, హద్దు అవతల ‘రామనగర్’ పేరుతో పాకలు వేసుకుని ఎండకూ వానకూ ఓర్చి దాదాపు 11 నెలలు ఉన్నారు. గోపాలకృష్ణయ్య నడిపిన రామదండు స్వచ్ఛంద సేవకులు అక్కడ క్రమశిక్షణ కాపాడారు. ఆయన జైలుకు వెళ్లాక, డబ్బు కరువై ఉద్యమం సడలి, జనం తిరిగి ఇళ్లకు చేరారు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో స్థానిక స్వపరిపాలన భారతీయ మంత్రుల చేతికి వచ్చిన శాఖ. ఆ శాఖ మంత్రి పానగల్లు రాజా. అంటే ప్రజలు పోరాడింది తెల్లదొరలతోనే కాదు, తమ భాష మాట్లాడే మంత్రి శాఖతో కూడా.

ఆ రోజుల్లోనే పల్నాడు తాలూకాలో పశువుల మేతకు అడవిలో కట్టాల్సిన పుల్లరి మీద సత్యాగ్రహం నడిచింది. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలయ్యాడు. పట్టణంలో ఇంటిపన్ను, అడవి పల్లెలో పుల్లరి; రెండు చోట్లా ప్రశ్న ఒకటే. మమ్మల్ని అడగకుండా మా మీద పన్ను ఎవరు వేస్తారు? పురపాలక సంఘానికి ఉన్న అధికారాలన్నిటికీ న్యాయం ఈ ప్రశ్నకు దొరికే జవాబులోనే ఉంది.

1920 చట్టం నుంచి 1965 చట్టం దాకా

మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం 1920లో కొత్త రూపు దాల్చి, ఎన్నికైన సభ్యుల పాలు పెంచింది. 1930ల్లో వచ్చిన మార్పు మరింత ముఖ్యమైంది. అప్పటిదాకా తీర్మానించడం, అమలు చేయడం రెండూ అధ్యక్షుడి చేతిలోనే ఉండేవి. ప్రభుత్వం నియమించే కమిషనర్ పదవి వచ్చాక అమలు ఆయనకు వెళ్లింది. కౌన్సిల్ నిర్ణయిస్తుంది, కమిషనర్ నడిపిస్తాడు. నేటికీ ఇదే అమరిక.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత కొన్నేళ్లపాటు ఆంధ్ర ప్రాంతంలో 1920 చట్టం, తెలంగాణ ప్రాంతంలో 1956 నాటి హైదరాబాదు జిల్లా మునిసిపాలిటీల చట్టం విడివిడిగా అమలయ్యాయి. రెంటినీ తొలగించి రాష్ట్రమంతటికీ ఒకటే చట్టం చేసింది 1965లో. ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం, 1965 అనేక సవరణలతో పల్నాటి పట్టణాలకు ఇప్పటికీ ఆధారం.

74వ రాజ్యాంగ సవరణ

మున్సిపాలిటీలను రాష్ట్ర చట్టం సృష్టించింది, రాష్ట్రం తలచుకుంటే రద్దు చేయగలిగేది. ఎన్నికలు జరపకుండా ఏళ్లు గడపడం అప్పట్లో మామూలు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ ఈ పరిస్థితిని మార్చడానికి రాజ్యాంగంలో తొమ్మిది-ఏ భాగాన్ని చేర్చింది. దాని ముఖ్యాంశాలివి:

• పల్లె నుంచి పట్టణంగా మారుతున్న ప్రాంతానికి నగర పంచాయతీ, చిన్న పట్టణానికి మున్సిపాలిటీ, పెద్ద నగరానికి నగరపాలక సంస్థ.
• పాలకవర్గానికి ఐదేళ్ల గడువు. గడువు ముగిసేలోపే ఎన్నిక జరగాలి. మధ్యలో రద్దు చేస్తే ఆరు నెలల్లోపు జరగాలి.
• షెడ్యూల్డ్ కులాలు, తెగలకు జనాభాను బట్టి, మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు. ఆంధ్రప్రదేశ్‌లో మహిళల వాటా సగం.
• ఎన్నికలకు రాష్ట్ర ఎన్నికల సంఘం, నిధుల పంపిణీ సూచించడానికి ఐదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘం.
• పన్నెండో షెడ్యూల్‌లో 18 అంశాలు. పట్టణ ప్రణాళిక, రోడ్లు, నీటి సరఫరా, ప్రజారోగ్యం, అగ్నిమాపక సేవలు, మురికివాడల మెరుగుదల, పేదరిక నిర్మూలన, పార్కులు, శ్మశానాలు, వీధి దీపాలు, కబేళాలు వంటివి.

ఈ షెడ్యూల్ గురించి రాజ్యాంగం చెప్పిన మాట జాగ్రత్తగా చదవాలి. ఈ అంశాలను పట్టణ సంఘాలకు అప్పగించాలని రాజ్యాంగం ఆజ్ఞాపించలేదు, రాష్ట్ర శాసనసభ అప్పగించవచ్చని చెప్పింది. అందుకే అగ్నిమాపక సేవలు నేటికీ రాష్ట్ర శాఖ చేతిలోనే ఉన్నాయి. లేఅవుట్లు, భూవినియోగం విషయంలో పట్టణాభివృద్ధి సంస్థలకూ పాత్ర ఉంది.

ఊరు ఎప్పుడు పట్టణమవుతుంది

జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర పనుల్లో ఉన్నవారి శాతం, ఆర్థిక ప్రాధాన్యం చూసి ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని పట్టణంగా ప్రకటిస్తుంది. ముందు ముసాయిదా నోటిఫికేషన్, దానిపై అభ్యంతరాలు, తర్వాత తుది ఉత్తర్వు. సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాల వల్ల పెరిగిన దాచేపల్లి, రెవెన్యూ డివిజన్ కేంద్రమైన గురజాల 2020లో ఇలాగే నగర పంచాయతీలయ్యాయి.

హోదా మారితే పల్లెవాసికి ఏం మారుతుంది? పట్టణాభివృద్ధి పథకాల నిధులకు దారి తెరుచుకుంటుంది. సొంత ఇంజినీరింగ్, పారిశుద్ధ్య, ప్రణాళిక విభాగాలు వస్తాయి. మరోవైపు ఇంటిపన్ను లెక్క మారుతుంది, ప్లాను లేనిదే గోడ కట్టడానికి వీలుండదు. గ్రామీణ ఉపాధి హామీ పని ఆగిపోతుంది. ఎండాకాలంలో ఆ కూలి డబ్బు మీద ఆధారపడే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. గ్రామ పంచాయతీకి 73వ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూల్‌లో 29 అంశాలున్నాయి, గ్రామసభ ఉంది. ఊరి ఓటరు నేరుగా కూర్చుని అడిగే గ్రామసభ వంటి వేదికను మున్సిపాలిటీకి రాజ్యాంగం ఇవ్వలేదు. రాజ్యాంగం ప్రకారం మూడు లక్షలు లేదా అంతకు మించిన జనాభా ఉంటేనే వార్డు కమిటీలు తప్పనిసరి. పల్నాడులో ఆ స్థాయి పట్టణం లేదు.

వెల్దుర్తి వంటి మండల కేంద్రాలు ఈ రెంటి నడుమ ఉన్నాయి. దుకాణాలు, ఆఫీసులు, బస్సుల రద్దీతో పట్టణపు అవసరాలు పెరిగాయి. జీవనం మాత్రం మిరప, పత్తి, పశువుల చుట్టూ తిరుగుతుంది. ఇలాంటి ఊరికి తొందరపడి పట్టణ హోదా ఇవ్వడం కంటే, పంచాయతీకి మురుగు కాలువలు, చెత్త తరలింపు, తాగునీటికి సరిపడా డబ్బు, సిబ్బంది ఇవ్వడం మేలు.

పాలకవర్గం నిర్మాణం

జనాభాను బట్టి వార్డుల సంఖ్య నిర్ణయిస్తారు. 2011 జనగణనలో దాదాపు 57,000 జనాభా ఉన్న మాచర్లలో 31 వార్డులు, పిడుగురాళ్ళలో 33. గురజాల, దాచేపల్లి నగర పంచాయతీల్లో చెరి 20. నరసరావుపేట, చిలకలూరిపేట రెండూ లక్ష జనాభా దాటినవి. ఎన్నికైన కౌన్సిలర్లు చేతులెత్తి ఛైర్‌పర్సన్‌ను ఎన్నుకుంటారు. ఒకప్పుడు ఛైర్మన్‌ను పట్టణ ఓటర్లే నేరుగా ఎన్నుకునే పద్ధతి కూడా నడిచింది. 2021 సవరణ తర్వాత ఇద్దరు వైస్ ఛైర్‌పర్సన్లు ఉంటున్నారు. స్థానిక శాసనసభ్యుడు, పార్లమెంటు సభ్యుడు ఎక్స్ అఫీషియో సభ్యులు. ఓటు హక్కు లేకపోయినా చర్చలో పాల్గొనే కో-ఆప్షన్ సభ్యులను కౌన్సిల్ ఎంచుకుంటుంది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు పోటీకి అనర్హులన్న నిబంధనను 2024లో శాసనసభ తొలగించింది.

కౌన్సిల్ నెలకొకసారైనా సమావేశం కావాలి. బడ్జెట్, పన్ను రేట్లు, పనుల మంజూరు, దుకాణాల లీజులు అక్కడ తేలాలి. కమిషనర్ కింద ఇంజినీరింగ్, పట్టణ ప్రణాళిక, ప్రజారోగ్యం, రెవెన్యూ, అకౌంట్స్, పట్టణ పేదరిక నిర్మూలన విభాగాలుంటాయి. ఆఖరిదాన్ని జనం ‘మెప్మా’ అంటారు, పొదుపు సంఘాల మహిళలు దీనితోనే నిత్యం వ్యవహరిస్తారు. 2019 అక్టోబర్ 2 నుంచి వార్డు సచివాలయాలు తోడయ్యాయి. ఇంటిపన్ను, కుళాయి కనెక్షన్, ధ్రువపత్రాల దరఖాస్తులు అక్కడే తీసుకుంటారు. సేవ ఇంటి దగ్గరికి వచ్చింది. కానీ సచివాలయ సిబ్బంది జవాబు చెప్పేది వార్డు కౌన్సిలర్‌కు కాదు, అధికారులకే.

విధులు, అధికారాలు

*తాగునీరు.* నరసరావుపేట, చిలకలూరిపేట, వినుకొండ వంటి పట్టణాలు నాగార్జునసాగర్ కుడి కాలువ నీటితో వేసవి నిల్వ చెరువులు నింపుకుంటాయి. కాలువ కట్టేసిన నెలల్లో ఆ నిల్వే ఆధారం. శుద్ధి చేయడం, ఓవర్‌హెడ్ ట్యాంకులకు ఎక్కించడం, పైపుల్లో వదలడం మున్సిపాలిటీ పని. కాలువకు నీరు ఎప్పుడు వదలాలో నిర్ణయించేది మాత్రం జలవనరుల శాఖ. కుళాయి రాకపోతే జనం తిట్టేది కౌన్సిలర్‌నే.

*పారిశుద్ధ్యం.* తెల్లవారకముందే వీధులూడ్చే కార్మికులు, వారిపై మేస్త్రీ, ఆపైన శానిటరీ ఇన్‌స్పెక్టర్. ఘనవ్యర్థాల నియమాల ప్రకారం తడి చెత్త, పొడి చెత్త ఇంటి దగ్గరే వేరు చేయాలి. తడి చెత్త కంపోస్టుకు, పొడి చెత్త పునర్వినియోగానికి వెళ్లాలి. పట్టణం ఆరోగ్యం ఈ కార్మికుల చేతిలో ఉంది. వారిలో చాలామంది పొరుగు సేవల కిందే పనిచేస్తున్నారు. చేతి తొడుగులు, బూట్లు, సమయానికి జీతం ఇవ్వడం వారికి చేసే ఉపకారం కాదు, మున్సిపాలిటీ మొదటి బాధ్యత.

*కట్టడాలు, స్థలాలు.* ఇంటి ప్లాను అనుమతి, లేఅవుట్ల పరిశీలన, ఆక్రమణల తొలగింపు, రోడ్డు వెడల్పు పట్టణ ప్రణాళిక విభాగం చూస్తుంది. లేఅవుట్‌లో పార్కుకు, రోడ్లకు విడిచిన స్థలం మున్సిపాలిటీకి దఖలు పడాలి. ఆ స్థలాన్ని కాపాడడం కౌన్సిలర్లు చేయగలిగే గొప్ప సేవల్లో ఒకటి. ఒక్కసారి పోతే అది మళ్లీ దొరకదు.

*నమోదులు, లైసెన్సులు.* 1969 చట్టం ప్రకారం పుట్టుక, చావు 21 రోజుల్లో నమోదు చేయించాలి. వ్యాపారాలకు ట్రేడ్ లైసెన్సులు, కూరగాయల మార్కెట్లు, కబేళాలు, శ్మశానాలు కూడా మున్సిపాలిటీ పరిధిలోవే. 2014 నాటి వీధి విక్రేతల చట్టం తోపుడు బండి వ్యాపారికి హక్కు ఇచ్చింది. పట్టణ విక్రయ కమిటీలో విక్రేతల ప్రతినిధులూ ఉండాలి. వారిని సంప్రదించకుండా బండ్లు ఎత్తేయడం ఆ చట్టానికి విరుద్ధం.

*చదువు.* మున్సిపల్ పాఠశాలల్లో చదివి పైకొచ్చినవారు పల్నాటి పట్టణాల్లో ఎందరో. ఆ పాఠశాలల పర్యవేక్షణ 2022లో పాఠశాల విద్యాశాఖకు వెళ్లింది.

ఒక సైడు కాలువ ప్రయాణం

అధికారం ఎలా నడుస్తుందో ఒక చిన్న పనిలో చూడవచ్చు. ఒక వార్డులో సైడు కాలువ కూలి మురుగు రోడ్డెక్కింది. వీధివారు కౌన్సిలర్‌కు చెబుతారు. సచివాలయంలోని వసతుల కార్యదర్శి కొలతలు తీసుకుంటాడు. అసిస్టెంట్ ఇంజినీరు అంచనా వేస్తాడు. ఆ పని కౌన్సిల్ ఎజెండాలో ఒక అంశంగా చేరుతుంది. చర్చ జరిగి ఆమోదం పొందితే తీర్మానం మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతుంది. విలువ ఎక్కువైతే ప్రజారోగ్య ఇంజినీరింగ్ శాఖ సాంకేతిక మంజూరు కావాలి. తర్వాత టెండరు, ఒప్పందం, పని. చేసిన పనిని కొలిచి కొలతల పుస్తకమైన ఎం-బుక్‌లో రాస్తారు, నాణ్యత చూస్తారు, బిల్లు పెడతారు.

ఇంతవరకు బాగానే ఉంటుంది. బిల్లు దగ్గరే తరచూ చిక్కు వస్తుంది. డబ్బు సకాలంలో విడుదల కాకపోతే కాంట్రాక్టరుకు నెలల తరబడి చెల్లింపు అందదు. తర్వాతి టెండరుకు ఎవరూ ముందుకు రారు. కౌన్సిల్ తీర్మానించిన పని కాగితం మీదే ఉండిపోతుంది. కాలువ కట్టాలని చెప్పే అధికారం కౌన్సిల్‌ది, డబ్బు కదిలించే తాళం వేరేచోట ఉంటుంది.

ఆదాయం, పన్నులు

మున్సిపాలిటీ సొంత రాబడిలో ప్రధానమైనది ఆస్తిపన్ను. దశాబ్దాలపాటు దీన్ని వార్షిక అద్దె విలువ మీద లెక్కించారు. 2020లో చేసిన సవరణతో 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి మూలధన విలువ ఆధారమైంది. ఒక్కసారిగా భారం పడకుండా, పెంపు అంతకుముందు పన్నులో 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. పన్ను ఆరు నెలలకోసారి చెల్లించాలి. ఏడాది మొత్తం ఏప్రిల్ నెలాఖరులోపు కడితే 5 శాతం రాయితీ. ఖాళీ స్థలాలకు వేరే పన్ను ఉంది. ఆస్తిపన్నుతోపాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి.

నీటి చార్జీలు, దుకాణాల అద్దెలు, ప్లాను ఫీజులు, ట్రేడ్ లైసెన్సు ఫీజులు, ఆస్తుల రిజిస్ట్రేషన్ మీద వచ్చే సర్‌చార్జి వాటా మిగతా రాబడి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక వినోదపు పన్ను, ప్రకటనల పన్ను అందులో కలిసిపోయాయి. కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లలో పెద్ద భాగం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలన్న షరతుతో వస్తుంది.

చెత్త పన్ను ఉదంతం అందరికీ గుర్తుండే ఉంటుంది. 2021లో ఇంటింటి చెత్త సేకరణకు నెలవారీ రుసుము వచ్చింది. 2024 డిసెంబరులో రద్దయింది. విధించాలన్న నిర్ణయమూ, తీసేయాలన్న నిర్ణయమూ రాష్ట్ర స్థాయిలోనే జరిగాయి. పన్ను మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. వీధిలో చెత్త తీయడానికి ఎంత వసూలు చేయాలో కూడా ఆ ఊరి కౌన్సిల్ సొంతంగా తేల్చుకోలేకపోయిందన్నది మాత్రం వాస్తవం.

ప్రభుత్వ అజమాయిషీ

కమిషనర్‌ను నియమించేది, బదిలీ చేసేది ప్రభుత్వం. పైన ప్రాంతీయ సంచాలకులు, పురపాలక శాఖ కమిషనర్, సంచాలకుల కార్యాలయం ఉంటాయి. చట్టానికి విరుద్ధమని తోచిన తీర్మానాన్ని కమిషనర్ ప్రభుత్వ దృష్టికి తీసుకెళ్లవచ్చు. ప్రభుత్వం దాన్ని నిలిపివేయవచ్చు, రద్దు చేయవచ్చు. అధికార దుర్వినియోగం రుజువైతే ఛైర్‌పర్సన్‌ను పదవి నుంచి తప్పించే వీలుంది. లెక్కలను రాష్ట్ర ఆడిట్ శాఖ తనిఖీ చేస్తుంది. ప్రజాధనం విషయంలో తనిఖీ తప్పనిసరి. అయితే తనిఖీ చేసే చేయే రోజువారీ పనినీ నడిపిస్తే, ఎన్నికైన కౌన్సిల్ సలహా సంఘంగా మిగులుతుంది.

ఎన్నికల విరామాలు

రాజ్యాంగం ఐదేళ్ల గడువు చెప్పినా ఖాళీలు వచ్చాయి. 2005లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2010లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2014 మార్చిలో. ఆ పాలకవర్గాల గడువు 2019 జూలైలో ముగిసింది. 2020 మార్చిలో మొదలైన ఎన్నికల ప్రక్రియ కోవిడ్ వల్ల ఆగింది. పోలింగ్ 2021 మార్చి 10న జరిగింది. ఈ మధ్యకాలమంతా ప్రత్యేకాధికారుల పాలన. 2021 మార్చి ఎన్నికల్లో మాచర్లలోని 31 వార్డులు, పిడుగురాళ్ళలోని 33 వార్డులు ఏకగ్రీవమయ్యాయి. అంటే ఆ రెండు పట్టణాల ఓటర్లకు ఆ విడత ఓటు వేసే సందర్భమే రాలేదు. గురజాల, దాచేపల్లి నగర పంచాయతీలకు మొదటి ఎన్నికలు 2021 నవంబరు 15న జరిగాయి.

ప్రత్యేకాధికారి నిజాయితీగా పనిచేయవచ్చు. కానీ ఆయనను వీధిలో ఆపి అడిగే హక్కు, మళ్లీ ఓటు వేయకుండా శిక్షించే హక్కు పౌరుడికి లేవు. పన్ను మాత్రం ఆ కాలంలోనూ ఆగదు. చీరాల–పేరాల వేసిన ప్రశ్న ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది.

ఇతర దేశాల్లో

ఇంగ్లండ్‌లో 1835 నాటి చట్టం పాత పట్టణ సంఘాలను పన్ను చెల్లింపుదారులు ఎన్నుకునే కౌన్సిళ్లుగా మార్చింది. మన చట్టాలకు మూలం ఆ సంప్రదాయమే. లండన్‌లోని 32 బరోలు 1965 ఏప్రిల్ 1న పని మొదలుపెట్టాయి. ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే. బరో కౌన్సిళ్లు చెత్త, వీధులు, ప్రణాళికతోపాటు పాఠశాలలు, వృద్ధుల సంరక్షణ, ప్రభుత్వ గృహాలు చూస్తాయి. ముఖ్య అధికారిని కౌన్సిలే నియమించుకుంటుంది. మన మున్సిపాలిటీలో కమిషనర్ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి. రెండు వ్యవస్థల మధ్య అసలు తేడా ఇదే.

మదింపు

నరసరావుపేటకు మున్సిపాలిటీ వచ్చి వందేళ్లు దాటింది. ఈ కాలంలో ఓటు పన్ను కట్టేవారి నుంచి వయోజనులందరికీ వచ్చింది. కౌన్సిల్ హాల్లో సగం కుర్చీలు మహిళలవి అయ్యాయి. దళితులు, గిరిజనులు ఛైర్‌పర్సన్లయ్యే దారి తెరుచుకుంది. ఇవి గట్టి విజయాలు. వార్డు ప్రజలకు జవాబు చెప్పే కౌన్సిలర్ చేతికి డబ్బు, సిబ్బంది, నిర్ణయం మీద పట్టు మాత్రం అదే పాళ్లలో రాలేదు. చట్టంలో అధికారాల జాబితా ఎంత పొడవున్నా, ఎన్నికలు గడువుకు జరగకపోతే, నిధులు సమయానికి అందకపోతే ఆ జాబితాకు విలువ ఉండదు.

కౌన్సిల్ బడ్జెట్, తీర్మానాలు, ఎం-బుక్ వివరాలు సమాచార హక్కు చట్టం కింద ఏ పౌరుడైనా అడిగి తీసుకోవచ్చు. పట్టణంలో ఉన్నవారు తమ వార్డు పద్దు ఏడాదికోసారైనా అడగాలి. వెల్దుర్తి వంటి ఊళ్లవారు హోదా మార్పు ప్రతిపాదన వచ్చిన రోజున గ్రామసభలో కూర్చుని, ఏం వస్తుందో ఏం పోతుందో లెక్క కట్టి, తమ అభిప్రాయం రాతపూర్వకంగా తెలపాలి.